చెరకు బూడిద, సన్న గీతలు

ఈసారి వ్యాకరణం పక్కన పెట్టి, మనం కారు సంగతి చూద్దాం.

టోంగాట్ వైపు ఉండేవారికి ఇది బాగా తెలుసు. సుమారు ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా చెరకు కోత కాలం. కోతకు ముందు తోటలకు నిప్పు పెడతారు. నల్లటి బూడిద గాలికి లేచి, ఆరేసిన బట్టల మీద, కార్ల మీద పడుతుంది. 1860లో ట్రూరో ఓడలో మద్రాసు నుంచి వచ్చినవారు మొదలుకొని మన పెద్దలెందరో ఆ తోటల్లోనే ఒళ్లు వంచి పనిచేశారు. బూడిద మనకు కొత్త కాదు. కానీ దాన్ని పొడి గుడ్డతో తుడిచేస్తాం చూడండి, తప్పు అక్కడే.

బూడిదతో పాటు దుమ్ము, ఇసుక కూడా ఉంటాయి. గుడ్డ కింద అవి రంగును గీస్తాయి. ఎండలో చూడండి, సాలెగూడులాంటి సన్న గీతలు కనబడతాయి.

ఇప్పటి కార్లకు రంగు పైన గాజులాంటి పూత ఒకటి ఉంటుంది. మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కన్నా పల్చన. మెరుగు పెట్టినప్పుడు గీత చుట్టూ ఉన్న పూత కాస్త అరుగుతుంది. అందుకే గీత కనబడకుండా పోతుంది. అరిగిన పూత మాత్రం తిరిగి రాదు.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నాయన పోయాక ఆయన నీలం కారు నాకు వచ్చింది. సంవత్సరీకం నాటికి అది మెరవాలని, తలుపు అంచున ఉన్న గీతను గంటసేపు రుద్దాను. గీత పోయింది, రంగూ పోయింది. లోపలి ప్రైమరు బయటపడింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ చూసి, "పోనీలే, మీ నాయనా ఇంతే, తొందర మనిషి" అంది.

మీరు తొందరపడకండి. ఇలా చేయండి.

ముందు గోటితో గీతను మెల్లగా తడమండి. గోరు తట్టుకుంటే గీత లోతైనది, చేత్తో పోదు. తట్టుకోకపోతే మొదలుపెట్టండి.

కారును నీడలో ఉంచండి. రేకు చల్లబడాలి. నీళ్లు పోసి దుమ్మంతా పోనివ్వండి. రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదానిలో కారు షాంపూ నీళ్లు, రెండోదానిలో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టండి. అంచుల మీద టేపు అంటించండి, అక్కడ పూత త్వరగా అరుగుతుంది.

మెత్తటి ప్యాడ్ మీద సన్నరకం పాలిష్ కొద్దిగా వేసుకోండి. ఒకసారికి జానెడు చోటు చాలు. ముందు ఎవరికీ కనబడని చోట ప్రయత్నించండి. నిలువుగా, తర్వాత అడ్డంగా, ఒకే ఒత్తిడితో రుద్దండి. తుడిచి, టార్చి లైటు పక్కవాటుగా వేసి చూడండి. గీత సగం తగ్గినా సంతోషించండి. గుడ్డకు కారు రంగు అంటితే వెంటనే ఆపండి. చాలా పాత కార్లకు పై పూత ఉండదు కాబట్టి వాటి రంగు ఎలాగూ అంటుతుంది, వాటిని ఇంకా తేలిగ్గా రుద్దాలి. చివర మైనం రాయండి.

ఇక మన పాఠం. తుడవడం, రుద్దడం, రాయడం: మూడూ చేతి పనులే. కాగితం మీద అక్షరం రాస్తాం, తలకు నూనె రాస్తాం, కారుకు మైనం రాస్తాం. గుడి బడిలో మా పంతులమ్మ ఈ మాట చెప్పినప్పుడు మేమంతా నవ్వాం. ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈ ఆదివారం పిల్లలను పక్కన నిలబెట్టుకుని కారు కడగండి. చేసే ప్రతి పనినీ తెలుగులో చెప్పండి. మా నీలం కారు తలుపు మీద ఆ మచ్చ ఇంకా ఉంది. రంగు వేయించలేదు. మా పిల్లలకు "తొందర" అనే మాట నేర్పింది దానితోనే.