పోస్టులు పది వేలు, పోటీ నలభై వేలు: బ్రిటన్ డాక్టర్ల కొరత అసలు లెక్క

బ్రిటన్‌లో పనిచేస్తున్న ప్రతి వంద మంది డాక్టర్లలో 42 మంది ఆ దేశంలో చదివినవాళ్లు కారు. 2023లో కొత్తగా అక్కడి వైద్య రంగంలో చేరినవాళ్లలోనైతే 68 శాతం బయటి దేశాల్లో చదువుకొని వచ్చినవాళ్లే. ఈ రెండు అంకెలూ చూసిన ఎవరికైనా ఎంబీబీఎస్ చేతిలో ఉంటే చాలు, లండన్ విమానం ఎక్కేయొచ్చు అనిపిస్తుంది.

మూడో అంకె కూడా చూడాలి. 2026 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం, మన పీజీ లాంటి స్పెషాలిటీ ట్రైనింగ్ పోస్టులు అక్కడ 10 వేలు. వాటికి దరఖాస్తు చేసినవాళ్లు దాదాపు 40 వేలు. 2019లో 9 వేల పోస్టులకు 12 వేల మంది పోటీ పడ్డారు. అప్పటికీ ఇప్పటికీ పోస్టులు వెయ్యి పెరిగితే, పోటీదారులు 28 వేలు పెరిగారు.

ఒకే దేశంలో ఒకే సమయంలో డాక్టర్ల కొరతా, డాక్టర్ల క్యూ కూడా ఎలా ఉన్నాయి?

కొరత నిజమే

బ్రిటన్‌లో ప్రతి వెయ్యి మందికి సుమారు ముగ్గురు డాక్టర్లు. జర్మనీలో నలుగురికి పైనే. ఆ తేడా రోగుల మీద పడుతోంది. 2023 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో ఆపరేషన్లు, స్పెషలిస్టు చికిత్సల వెయిటింగ్ లిస్టు 77 లక్షలు దాటింది. ఆ ఏడాది మార్చిలో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో అన్ని కేడర్లూ కలిపి 1.12 లక్షల ఖాళీలున్నాయి. ఇలాగే వదిలేస్తే 2036-37 నాటికి లోటు 2.6 లక్షల నుంచి 3.6 లక్షలకు చేరుతుందని ఎన్‌హెచ్‌ఎస్ దీర్ఘకాలిక ప్రణాళికే చెప్పింది.

సొంతంగా డాక్టర్లను తయారు చేసుకోవడమే దీనికి మందు. అయితే అది పనిచేయడానికి చాలా కాలం పడుతుంది. మెడికల్ కాలేజీలో 5 ఏళ్లు, ఫౌండేషన్ ట్రైనింగ్ 2 ఏళ్లు, ఆపైన ఫ్యామిలీ డాక్టర్ కావాలంటే 3 ఏళ్లు. మొత్తం పదేళ్లు. ఆస్పత్రిలో కన్సల్టెంట్ కావాలంటే మరో నాలుగైదేళ్లు వేసుకోవాలి. 2023 జూన్‌లో విడుదలైన ఆ ప్రణాళిక మెడికల్ సీట్లను 7,500 నుంచి 2031-32 నాటికి 15 వేలకు పెంచుతామంది. ఆ ఏడాది చేరే విద్యార్థి ఫ్యామిలీ డాక్టర్‌గా కుర్చీలో కూర్చునేది 2041 ప్రాంతంలో. ఏ ప్రభుత్వానికీ అంత ఓపిక ఉండదు.

తయారైన డాక్టరు ఖరీదు ఎంత?

బ్రిటన్‌లో ఒక డాక్టర్ని తయారు చేయడానికి 2 లక్షల పౌండ్లకు పైగా ఖర్చవుతుందని అంచనా. బయట చదివినవాళ్లు ఏటా దాదాపు 20 వేల మంది అక్కడి రిజిస్టర్‌లోకి చేరుతున్నారు. రెంటినీ గుణిస్తే 400 కోట్ల పౌండ్లు, మన లెక్కలో 45 వేల కోట్ల రూపాయల పైమాటే. ఇది కచ్చితమైన జమాఖర్చు కాదు, ఉజ్జాయింపు. అయినా బ్రిటన్ ఖజానాకు ఎంత మిగులుతోందో చెప్పడానికి అది చాలు. ఆ ఖర్చు భరించింది వేరెవరో. ప్రభుత్వ కాలేజీలో చదివినవాళ్ల విషయంలో మన పన్నుల డబ్బు, ప్రైవేటు కాలేజీలో చదివినవాళ్ల విషయంలో పొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రి.

ఇక కొరతా, క్యూ రెండూ ఎలా ఉన్నాయన్న ప్రశ్నకు జవాబు పోస్టుల్లోనే ఉంది. అక్కడ డాక్టర్ ఉద్యోగాలు రెండు రకాలు. ఒకటి ట్రైనింగ్ పోస్టు. దీనికి ప్రభుత్వం నిధులివ్వాలి, నేర్పే కన్సల్టెంట్లకు సమయం ఉండాలి, ఎన్ని పోస్టులో పైనుంచే ఖరారవుతుంది. కన్సల్టెంట్ అయ్యే రాచబాట ఇదే. రెండోది ఆస్పత్రి ట్రస్టు తన అవసరానికి తానే నియమించుకునే నాన్-ట్రైనింగ్ పోస్టు. ట్రస్ట్ గ్రేడ్ అనీ, క్లినికల్ ఫెలో అనీ పిలుస్తారు. చాలావాటికి ఏడాది కాంట్రాక్టే. నైట్ డ్యూటీ రోస్టర్ నిండాలంటే మనిషి కావాలి, ఆ మనిషిని ఈ దారిలో తెచ్చుకుంటారు. ఈ కోవలోనూ, స్పెషలిస్ట్ గ్రేడ్ అనే మరో కోవలోనూ ఉన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది బయట చదివినవాళ్లే.

వార్డులో మనిషి కొరత ఉంది, పై మెట్టుకు మాత్రం ఖాళీ లేదు. బయటి డాక్టర్లు నిలబడిపోయేది ఈ రెంటి మధ్యనే.

డెబ్భై ఏళ్లుగా ఇదే వరస

ఎన్‌హెచ్‌ఎస్ 1948 జులై 5న మొదలైంది. తొమ్మిదేళ్లకే, 1957లో, డాక్టర్లు ఎక్కువైపోతారని అంచనా వేసిన విల్లింక్ కమిటీ మెడికల్ కాలేజీ ప్రవేశాలను సుమారు 10 శాతం తగ్గించమంది. అంచనా తప్పింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకు బ్రిటిష్ డాక్టర్లు వెళ్లిపోతుంటే, ఆ ఖాళీల్లోకి ఉపఖండం నుంచి కుర్రాళ్లు వచ్చారు. ఇండియా, పాకిస్తాన్‌ల నుంచి వచ్చిన జూనియర్ డాక్టర్లే లేకపోతే ఆరోగ్య సేవ కుప్పకూలేదని 1961లో ప్రభువుల సభలో లార్డ్ కోహెన్ ఒప్పుకున్నారు. 1960 నుంచి 1963 దాకా ఆరోగ్య మంత్రిగా ఉండి ఈ డాక్టర్ల సేవలు అందుకున్న ఈనాక్ పోవెల్, 1968లో వలసల మీద నిప్పులు చెరిగే ప్రసంగం చేశారు.

వచ్చినవాళ్లకు దక్కినవి ఏ పోస్టులు? స్థానిక డాక్టర్లు ముఖం తిప్పుకున్నవి. వృద్ధుల వైద్యం, మానసిక వైద్యం, వేల్స్ బొగ్గు గనుల లోయల్లో ఫ్యామిలీ ప్రాక్టీసులు.

ఆ తర్వాత చరిత్రను నాలుగు తేదీల్లో చెప్పొచ్చు.

- 1975: అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ (జీఎంసీ) భారతీయ వైద్య డిగ్రీలకు గుర్తింపు తీసేసింది. అప్పుడొచ్చిన అర్హత పరీక్షే తర్వాత ప్లాబ్ అయింది.
- 2006: 1990ల చివర్లో పెంచిన సీట్ల నుంచి సొంత గ్రాడ్యుయేట్లు బయటికొస్తున్న వేళ, వర్క్ పర్మిట్ లేకుండా ట్రైనింగ్ చేసే సౌకర్యాన్ని ఉన్నట్టుండి ఎత్తేశారు. అప్పటికే అక్కడున్న వేలమంది భారతీయ డాక్టర్లు రోడ్డున పడ్డారు. భారత సంతతి వైద్యుల సంఘం బాపియో కోర్టుకెక్కింది. ఆ డాక్టర్లను పక్కన పెట్టమన్న ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెల్లవని 2008లో ప్రభువుల సభ తీర్పిచ్చింది.
- 2019: డాక్టర్లందరినీ కొరత వృత్తుల జాబితాలో చేర్చారు. స్థానికులు దొరకని పోస్టులే బయటివాళ్లకు అన్న నిబంధన పోయి, మొదటి విడత నుంచే సమాన పోటీ మొదలైంది.
- 2025-26: 2025 జులైలో వచ్చిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళిక బ్రిటిష్ గ్రాడ్యుయేట్లకే ముందు వరస అంది. 2026 జనవరిలో దానికి చట్టబద్ధత కల్పించే బిల్లు పార్లమెంటుకు వచ్చింది.

సొంత సీట్లు చాలనప్పుడు తలుపు తీశారు, సొంత పిల్లలు బయటికొచ్చినప్పుడు మూశారు. ఇందులో మన డాక్టర్ల ప్రతిభ గురించిన తీర్పేమీ లేదు. ఇది వాళ్ల సీట్ల లెక్క.

గదికి ఎనిమిది నిమిషాలు

ఇప్పుడున్న దారి ప్లాబ్. ముందు ఇంగ్లిష్ పరీక్ష. ఐఈఎల్‌టీఎస్ అయితే మొత్తం మీద 7.5, ఏ విభాగంలోనూ 7కు తగ్గకూడదు. లేదంటే ఓఈటీలో నాలుగు విభాగాల్లోనూ బీ గ్రేడ్. ఆ తర్వాత ప్లాబ్ మొదటి భాగం: 3 గంటలు, 180 ప్రశ్నలు. దీన్ని ఇండియాలోనే రాయొచ్చు. మన విద్యార్థులకు ఇది పెద్ద కష్టం కాదు. నీట్ పీజీకి చదివిన చదువే సగం పనికొస్తుంది.

కొత్తగా అనిపించేది రెండో భాగం. దానికి మాంచెస్టర్ వెళ్లాలి. 16 గదులు, గదికి 8 నిమిషాలు. తలుపు బయట అతికించిన కాగితం చదివి లోపలికి వెళ్తే రోగి వేషంలో నటుడో, నటియో ఉంటారు. గుండెనొప్పి కేసు అనుకుని మందుల పేర్లు వల్లిస్తూ పోతే లాభం లేదు. మీరు దేనికి భయపడుతున్నారని అడగాలి, ఎదుటివాళ్లు చెప్పేదాకా ఆగాలి, చికిత్స ఇష్టమేనా అని కనుక్కోవాలి. నిమిషానికో రోగిని చూసే ఓపీల్లో హౌస్‌సర్జన్సీ చేసి వెళ్లినవాళ్లకు ఇక్కడే నాలుక తడబడుతుంది. బెల్ మోగగానే మాట మధ్యలో ఉన్నా లేవాల్సిందే.

రెండు భాగాల ఫీజులే కలిపి 1,200 పౌండ్లు దాటుతాయి. వీసా, విమానం, మాంచెస్టర్‌లో కోచింగ్, అక్కడ గది అద్దె కలుపుకుంటే ఖర్చు లక్షల రూపాయల్లోకి పోతుంది. ఇదంతా కట్టాక దొరికేది జీఎంసీ రిజిస్ట్రేషన్ మాత్రమే. ఉద్యోగానికి జీఎంసీ బాధ్యత వహించదు.

రిజిస్ట్రేషన్ తర్వాత

ఉద్యోగం దొరికితే జీతం బాగానే ఉంటుంది. ఫౌండేషన్ రెండో ఏడాది స్థాయిలో 2025-26కు మూల వేతనం సుమారు 44 వేల పౌండ్లు. రూపాయల్లో 50 లక్షలు అని చెప్పుకుంటారు గానీ, పన్నూ అద్దే పోయాక మిగిలేదాన్ని చూసుకోవాలి. అసలు చిక్కు ఆ మొదటి ఉద్యోగమే. ఒక్కో ట్రస్ట్ గ్రేడ్ పోస్టుకు వందల దరఖాస్తులు వస్తున్నాయి. ఎన్‌హెచ్‌ఎస్‌లో అనుభవం ఉందా అన్నదే మొదటి వడపోత. ఉద్యోగం లేకుండా ఆ అనుభవం ఎక్కడ వస్తుంది?

ఉద్యోగంలో ఉన్నవాళ్లకూ పరీక్ష తప్పడం లేదు. బయట చదివిన డాక్టర్ల మీద యాజమాన్యాలు జీఎంసీకి చేసే ఫిర్యాదులు, స్థానికంగా చదివినవాళ్ల మీద చేసే వాటికంటే 2.5 రెట్లు ఎక్కువని జీఎంసీయే చేయించిన అధ్యయనం 2019లో తేల్చింది. కొత్తగా వచ్చినవాళ్లకు తప్పు ఎక్కడ జరుగుతోందో సకాలంలో చెప్పేవాళ్లు ఉండకపోవడం అందుకు ఒక కారణమని కూడా చెప్పింది.

వెళ్లిపోతున్నవాళ్ల లెక్కా పెరుగుతోంది. 2023లో 3,869 మంది విదేశీ పట్టా డాక్టర్లు బ్రిటన్ వదిలి వెళ్తే, 2024లో 4,880 మంది వెళ్లారు. ఒక్క ఏడాదిలో 26 శాతం పెరుగుదల.

ఇక రాబోయేదాన్ని ఉజ్జాయింపుగా లెక్కేద్దాం. 40 వేల దరఖాస్తుల్లో బయట చదివినవాళ్లు బ్రిటిష్ గ్రాడ్యుయేట్లకు దాదాపు రెట్టింపు ఉన్నారని ప్రభుత్వం అంటోంది. అంటే స్థానికులు సుమారు 13 వేలు, బయటివాళ్లు 27 వేలు. పోస్టులు 10 వేలు. ముందు స్థానికులకే ఇస్తే, కాగితం మీద బయటివాళ్లకు మిగిలేది సున్నా. వాస్తవంలో అంత ఉండదు. అందరూ అన్ని బ్రాంచీలూ కోరుకోరు, కొన్ని ఊళ్లకు వెళ్లరు. అలా మిగిలేవి ఏవో 1960ల అనుభవం చెబుతూనే ఉంది.

మన నీట్ పీజీతో పోల్చి చూడండి. ఏటా రాసేవాళ్లు 2.4 లక్షలకు అటూ ఇటూ, పీజీ సీట్లు 74 వేల పైన. సీటుకు ముగ్గురు. బ్రిటన్‌లో పోస్టుకు నలుగురు. ఇక్కడి క్యూ తప్పించుకోవాలని వెళ్లేవాళ్లు అంతకంటే పొడుగు క్యూలో నిలబడుతున్నారు.

పిలవొద్దన్న జాబితాలో ఆంధ్రప్రదేశ్

డాక్టర్ల వలసకు రెండో వైపు కూడా ఉంది. 2000ల దశకంలో ఎన్‌హెచ్‌ఎస్ నియామకాల నియమావళి ఇండియాలో నాలుగు రాష్ట్రాల నుంచి వైద్య సిబ్బందిని పిలిపించుకోవద్దని చెప్పింది. ఒడిశా, మధ్యప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌తో పాటు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. బ్రిటన్ నుంచి అభివృద్ధి సాయం అందుకుంటున్న రాష్ట్రాలు కావడమే కారణం. ఒక చేత్తో సాయమిస్తూ ఇంకో చేత్తో డాక్టర్లను తీసుకుపోవడం బాగుండదనుకున్నారు. అయితే ఆ నిషేధం ఆస్పత్రులు వచ్చి పిలవడం మీదే. తనంతట తాను దరఖాస్తు పెట్టుకున్న డాక్టర్ని అది ఆపలేదు.

విదేశీ నియామకాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి 2010లో వచ్చింది. వైద్య సిబ్బంది బాగా తక్కువున్న దేశాలంటూ ఆ సంస్థ 2023లో ప్రకటించిన 55 దేశాల్లో ఇండియా లేదు. మొత్తం మీద చూస్తే 811 మందికి ఒక డాక్టరు ఉన్నారని, ఆయుష్ వైద్యులనూ కలుపుకుని, కేంద్రం చెబుతోంది. ఊరి స్థాయికి దిగితే బొమ్మ మారిపోతుంది. 2022-23 లెక్కల ప్రకారం గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు 21,964 మంది స్పెషలిస్టులు కావాలి. ఉన్నది 4,413 మంది. ప్రతి అయిదు కుర్చీల్లో నాలుగు ఖాళీ. పీజీ సీటు రాక బయటికి వెళ్లే కుర్రాళ్లు ఒకవైపు, స్పెషలిస్టు లేని కేంద్రాలు ఇంకోవైపు. బ్రిటన్‌లో ఉన్న తిరకాసే ఇక్కడా ఉంది. మనిషి కావాలి, కానీ ఆ మనిషి ఎదిగే దారికి డబ్బు పెట్టేవాళ్లు లేరు.

వెళ్లాలనుకునేవాళ్లు చూసుకోవాల్సినవి

ప్లాబ్ ఫీజు కట్టే ముందు మూడు లెక్కలు చూడండి. మొదటిది, మీరు కోరుకునే బ్రాంచికి ఆ ఏడాది పోస్టుకు ఎంతమంది పోటీ పడ్డారన్నది. ఈ లెక్కలను ఎన్‌హెచ్‌ఎస్ ఏటా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, కోచింగ్ సెంటర్ మాట మీద ఆధారపడక్కర్లేదు. రెండోది, బ్రిటిష్ గ్రాడ్యుయేట్లకే ముందు వరస అన్న నిబంధన మీకు ఎలా వర్తిస్తుందన్నది. మూడోది, మొదటి ఉద్యోగం దొరకడానికి ఏడాది పడితే ఇంట్లోవాళ్లు ఆ ఏడాది ఖర్చు మోయగలరా అన్నది. అప్పు చేసి వెళ్లేవాళ్లకు ఈ మూడోదే ముఖ్యం.

బ్రిటన్ 2036-37 నాటికి కొత్త నియామకాల్లో బయటివాళ్ల వాటాను నాలుగో వంతు నుంచి 9-10.5 శాతానికి తగ్గిస్తానని 2023లోనే రాసి పెట్టుకుంది. ఈ రోజు ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో ఉన్న పిల్లలు అక్కడ స్థిరపడాలనుకునే సమయానికి ఆ లక్ష్యం దగ్గరపడి ఉంటుంది. కొరత ఉందన్న వార్త చూసి కాక, పోస్టులెన్నో చూసుకుని నిర్ణయం తీసుకోండి.