ముందు చక్రం... ముందు జాగ్రత్త!

పొద్దు వాలుతోంది. కామారెడ్డిలో పనులు ముగించుకుని ఎల్లారెడ్డికి తిరుగు ప్రయాణమైందో జంట. స్కూటరు మీద భర్త, వెనక భార్య, కాళ్ల దగ్గర పాతిక కిలోల బియ్యం సంచి. తాడ్వాయి దాటింది. లింగంపేట ఇంకా రాలేదు. ఉన్నట్టుండి హ్యాండిల్ బరువెక్కింది. బండి తిన్నగా పోనంటోంది.

‘‘ఏమైంది? బండి గిట్ల ఊగుతుందేంది?’’

‘‘ముంగటి టైర్ల గాలి పోయినట్టుంది. కదలకు, గట్టిగ పట్టుకో.’’

ఇది ఏ ఒక్కరి కథో కాదు. స్కూటరున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. 2016లో నిజామాబాద్ నుంచి విడివడిన కామారెడ్డి జిల్లాలో ఇది దాదాపు నలభై కిలోమీటర్ల దారి. ఊరికీ ఊరికీ మధ్య చేలూ చెట్లే తోడు. ఇలాంటి చోట ముందు టైరు పంక్చరైతే ఆ క్షణంలో చెయ్యి ఎటు వెళ్తుందన్నదే అసలు విషయం. గబుక్కున బ్రేకు మీదికి వెళ్లిందా... ప్రమాదం. వెళ్లలేదా... అది ఉత్త పంక్చరే!

వెనకది వేరు... ముందుది వేరు

నిజానికి ఎక్కువసార్లు పంక్చరయ్యేది వెనక టైరే. రోడ్డు మీద పడుకుని ఉన్న మేకును ముందు చక్రం తొక్కి లేపుతుంది. వెనక వచ్చే చక్రానికి అది నిలువునా గుచ్చుకుంటుంది. పైగా బరువంతా దానిమీదే. గాలి పోతే బండి తోక ఊపుతుంది. భయం వేస్తుంది కానీ హ్యాండిల్ మాత్రం చేతిలోనే ఉంటుంది.

ముందు చక్రం అలా కాదు. బండికి దారి చూపేదే అది. గాలి పోగానే టైరు పక్కలు మడతపడతాయి. రిమ్ము ఒకవైపు, టైరు మరోవైపు జారుతుంటే హ్యాండిల్ మాట వినదు. అలాంటప్పుడు ముందు బ్రేకు నొక్కితే బండి బరువు, మనుషుల బరువు మొత్తం ముందుకు తూగి ఆ చచ్చుబడిన టైరు మీదే పడుతుంది. హ్యాండిల్ ఒక్కసారిగా తిరిగిపోతుంది. చాలామంది కింద పడేది గాలి పోయినందుకు కాదు, కంగారులో బ్రేకు వేసినందుకు!

ఆ పది సెకన్లు...

మరేం చేయాలి? ముందు యాక్సిలరేటర్ వదిలేయాలి. రెండు చేతులతో హ్యాండిల్‌ను తిన్నగా పట్టుకోవాలి. బండి దానంతటదే నెమ్మదించే దాకా ఓపిక పట్టాలి. వేగం బాగా తగ్గాక వెనక బ్రేకును మాత్రమే మెల్లగా, కొద్దికొద్దిగా నొక్కాలి. గేర్ల స్కూటరుకు అది కాలి కింద ఉంటుంది. గేర్లు లేని బండికి ఎడమ చేతి బ్రేకే వెనకది.

ఇక్కడో మెలిక ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు సీబీఎస్ గానీ ఏబీఎస్ గానీ తప్పనిసరి అయింది. సీబీఎస్ ఉన్న స్కూటర్లలో ఎడమ బ్రేకు నొక్కినా ముందు చక్రానికి కొంత పట్టు వెళ్తుంది. అందుకే దాన్నీ గట్టిగా నొక్కకూడదు. వెనక కూర్చున్నవాళ్లు అటూ ఇటూ వంగకుండా కదలకుండా ఉండటమే పెద్ద సాయం. రోడ్డు దిగేటప్పుడు కూడా ఒక్కసారిగా తిప్పకుండా, ఎడమ పక్కకు ఏటవాలుగా తీసుకెళ్లాలి.

ట్యూబా... ట్యూబ్‌లెస్సా?

బండి ఆగింది. తర్వాత ఏం చేయాలన్నది టైరును బట్టి ఉంటుంది.

ట్యూబ్ ఉన్న టైరైతే ‘ఊరు దగ్గరే కదా’ అని అలాగే నడపొద్దు. లోపల ట్యూబు మడతపడి నలిగిపోతుంది. గాలి కొట్టే మూతి తెగిపోతుంది. ప్యాచీతో పోయేదానికి కొత్త ట్యూబు కొనాల్సి వస్తుంది. ఒక్కోసారి రిమ్మూ వంగుతుంది. బరువు దించి, బండిని నడిపించుకుంటూ వెళ్లడమే మేలు.

ట్యూబ్‌లెస్ అయితే కొంత నయం. దిగిన మేకే రంధ్రానికి బిరడాలా అడ్డు ఉంటుంది. గాలి మెల్లగా పోతుంది. అందుకే మేకు కనిపించగానే పీకేయకూడదు. చిన్న పంపుతో గాలి కొట్టి, కాళ్ల దగ్గరి సామాను వెనక్కి మార్చి, నెమ్మదిగా దగ్గర్లోని షాపు దాకా వెళ్లొచ్చు. టైరు పూర్తిగా కూర్చుండిపోతే మాత్రం దాన్నీ నడపకూడదు.

స్టెప్నీ ఉన్న రోజులు

గాలి టైరు పుట్టినప్పటి నుంచీ ఈ తిప్పలు ఉన్నవే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు చేశాడు. ఆ టైర్లను రిమ్ముకు బంకతో అంటించేవారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో మిషెలిన్ సోదరుల దగ్గరికి ఒకాయన పంక్చరైన సైకిలు తెచ్చాడు. ఊడదీసి బాగుచేయడానికి గంటలు పట్టింది. ఆరడానికి రాత్రంతా కావాల్సి వచ్చింది! ఆ విసుగులోంచి పుట్టిందే ఊడదీసి మళ్లీ ఎక్కించే టైరు. దానికి 1891లో పేటెంటు వచ్చింది.

మనమంతా వాడే ‘స్టెప్నీ’ మాటకూ ఓ ఊరుంది. 1904లో వేల్స్ దేశంలోని ల్లానెల్లిలో డేవిస్ సోదరులు కార్లకు అదనపు చక్రం తయారుచేశారు. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. వీధి పేరే చక్రానికి స్థిరపడింది.

స్కూటరుకు ఇదెంతో నప్పింది. 1946లో వచ్చిన వెస్పాను రూపొందించిన కొరాడినో డి ఆస్కానియో విమానాల ఇంజినీరు. విమానం చక్రంలా ముందు చక్రాన్ని ఒకే పక్క కడ్డీకి బిగించాడు. దాంతో నట్లు విప్పితే చాలు, చక్రం చేతికి వచ్చేది. 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌దీ అదే పోలిక. వెనక సీటు మీద ఒకరు బరువు వేస్తే ముందు చక్రం లేచేది. స్టెప్నీ బిగించి, చేతులు దులుపుకుని వెళ్లిపోయేవారు. ఇంట్లో పాత చేతక్ ఇప్పటికీ ఉంటే ఓ మాట గుర్తుంచుకోవాలి. దాని రిమ్ము రెండు ముక్కలు. వాటిని కలిపే నట్లను గాలి పూర్తిగా తీయకుండా విప్పితే రిమ్ము ఎగిరి తగలొచ్చు.

ఇప్పటి స్కూటర్లలో సీటు కింద సామాను పెట్టుకునే జాగా వచ్చింది, స్టెప్నీ పోయింది. 2020లో కరెంటు బండిగా తిరిగొచ్చిన చేతక్‌కూ స్టెప్నీ లేదు. అంటే అప్పట్లో బండి మోసిన భరోసాను ఇప్పుడు మనమే సీటు కింద పెట్టుకోవాలన్నమాట!

ఇవి ఉంటే ధీమా

గాలి కొట్టే చిన్న పంపు, టార్చిలైటు, ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్టు, ట్యూబ్ టైరైతే ఓ కొత్త ట్యూబు... ఇంతే. ట్యూబు మన దగ్గరుంటే పల్లెలో సైకిళ్లు బాగుచేసే మనిషైనా ఆదుకుంటాడు. దారిలో ఏ ఊళ్లో షాపుందో తెలిసి ఉండటం ఇంకా మంచిది.

పంక్చర్లను తగ్గించడమూ మన చేతిలోనే ఉంది. పదిహేను రోజులకోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించాలి. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. టైరు అరిగి గాళ్లు కనిపించకపోతే మార్చేయాలి. అరిగిన రబ్బరులోకి సర్కారు తుమ్మ ముల్లు కూడా సులువుగా దిగుతుంది. వేసవిలో కాలే రోడ్డు మీద గాలి తక్కువున్న టైరు మరింత వేడెక్కి పాడవుతుంది.

గింతంత ముల్లు!

మళ్లీ మన జంట దగ్గరికి వద్దాం. ఆయన బ్రేకు జోలికి పోలేదు. ఆమె కదల్లేదు. బండి ఊగుతూనే మెల్లగా పక్కకు వచ్చి ఆగింది. బియ్యం సంచిని వెనక సీటు మీదికి మార్చారు. ఆయన తోస్తుంటే ఆమె సంచి పట్టుకుని నడిచింది. మెట్ల బావికి పేరున్న లింగంపేట వచ్చేసరికి చీకటి పడింది. చెట్టుకు వేలాడుతున్న పాత టైరే అక్కడి షాపుకు బోర్డు.

షాపతను ట్యూబు తీసి నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది కాస్త ఆరాక ప్యాచీ వేశాడు. తర్వాత టైరు లోపలంతా వేళ్లతో తడిమాడు. ఆ పని మరిచిపోతే మర్నాడు మళ్లీ అదే పంక్చర్! వేలికేదో తగిలింది. పట్టకారుతో లాగి ఆమెకు చూపించాడు.

‘‘చూడక్కా... గింతంత ముల్లు!’’