ఉల్లిని బోలు అడవిగడ్డలను గుర్తించు విధము

తొలకరి వానల పిదప వాగుల యొడ్డులను, చెరువు శికములలోను, పొలముల గట్లపైనను కొన్ని గడ్డమొక్కలు మొలచి తెల్లని పూలు పూయును. వీని గడ్డలు ఉల్లిగడ్డలవలె పొరలు గలవి యగుటచే, దున్నునప్పుడు పైకి వచ్చినవానిని పిల్లలును కూలివారును తినదగినవని భ్రమపడుట కవకాశము కలదు. వీనిలో పెక్కులు విషము గలవి. కావున రైతులు వీనిని గుర్తెరిగి యుండవలెను.

1. కుటుంబ లక్షణములు.— ఇవి అమరిల్లిడేసీ అను కుటుంబములోనివి. ఆకులన్నియు గడ్డనుండియే పుట్టును. ఆకులు లేని కాడ కొనయందు, పలుచని పొరలో నుండి, పూలన్నియు గొడుగు కమ్ములవలె ఒకేచోట వెలువడును. రేకులు 6, కేసరములు 6. కాయగా మారెడు బుడిపె రేకులకు దిగువ నుండును.

2. విషమూంగలి.— దీనిని కేసరిచెట్టనియు నందురు. శాస్త్రనామము క్రైనం ఏషియాటికం. 1753లో లిన్నేయసు ఈ పేరు పెట్టెను. ఆకులు సుమారు 3 అడుగుల పొడవు, 3, 4 అంగుళముల వెడల్పు. రేకులు సన్ననివి, కేసరములు ఎరుపుడాలు గలవి. వాసన రాత్రివేళ హెచ్చు. కేసరములు విడివిడిగా నుండును. గింజలు పెద్దవి, కండగలవి.

3. పాంక్రేషియం.— ఇది చిన్న మొక్క, ఆకులు సన్ననివి. కేసరముల మొదళ్లు తెల్లని పొరతో కలిసి గిన్నెవలె నేర్పడును. ఈ గిన్నెను జూచి దీనిని విషమూంగలి జాతినుండి వేరుపరుపవచ్చును. గింజలు నల్లనివి.

4. నక్కఉల్లి.— ఇది వేరొక కుటుంబములోనిది. వేసవిలో ఆకులు లేనప్పుడే పొడవైన కాడ వెడలి, దాని పొడవునను మాసినరంగు పూలు దూరదూరముగా వ్రేలాడును. బుడిపె రేకులకు పైన నుండును. దీని విషము గుండెకు హాని చేయును.

5. ఉల్లి, వెల్లుల్లి.— వీని బుడిపె పైన నుండుటచే పూర్వము వీనిని లిల్లీ కుటుంబమున జేర్చిరి. 2009 నాటి వర్గీకరణమున ఇవియు అమరిల్లిడేసీలోనివే యని నిర్ణయింపబడెను. కావున కుటుంబమును బట్టి ఏ గడ్డయు తినదగినదని తలపరాదు. ఉల్లిగడ్డను నలిపిన ఘాటు వాసన వచ్చును. విషమూంగలికి ఆ వాసన లేదు. కాని చేతికంటిన ఉల్లివాసన మోసపుచ్చగలదు గనుక దీనినొక్కదానినే నమ్మరాదు. రుచి చూచి పరీక్షింపనే కూడదు.

6. జాగ్రత్త.— విషమూంగలిలోని లైకోరిన్ అను పదార్థము వాంతులు, విరేచనములు కలిగించును. త్రవ్విన గడ్డలను పశువుల దొడ్లవద్ద గాని, వంటయింటి ఉల్లిగడ్డలతో గాని ఉంచరాదు. ఎవరైనను తిన్నయెడల ఆలస్యము చేయక, మిగిలిన గడ్డను ఆకుతోసహా తీసికొని వైద్యశాలకు పోవలెను. మొక్కను జూచిన వైద్యునికి చికిత్స నిర్ణయించుట సులభమగును.