గాజుగొట్టంలో 130 ఏళ్ల నాచు

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో బైజరింక్ అనే శాస్త్రవేత్త 1889లో క్లోరెల్లా వల్గారిస్ అనే పచ్చ నాచును విడిగా పెంచాడు. దాని సంతతి జర్మనీలోని గోటింగెన్, స్కాట్లాండ్‌లోని ఓబన్, అమెరికాలోని ఆస్టిన్ నాచు సేకరణ కేంద్రాల్లో నేటికీ బతికే ఉంది. ముదరకముందే కొంచెం తీసి కొత్త గొట్టంలో వేయడం, మళ్లీ కొన్నాళ్లకు అదే పని. చెప్పుకోవడానికేమీ లేని చాకిరీ. చెరువుకెళ్లి చెంబెడు నీళ్లు ముంచుకుంటే నాచు దొరకదా అని ఎవరికైనా తోస్తుంది. నాచు దొరుకుతుంది, ఆ నాచు దొరకదు. సూక్ష్మదర్శినిలో ఈ జీవులన్నీ పచ్చటి గుండ్రటి చుక్కలే. అలా కనబడిన ప్రతిదానికీ క్లోరెల్లా అని పేరు పెట్టుకుంటూ పోతే జాతుల లెక్క వంద దాటింది. జన్యుక్రమాలను పోల్చడం వచ్చాక, వాటిలో చాలావాటికి అసలు క్లోరెల్లాతో దగ్గరి చుట్టరికమే లేదని తేలింది. తేల్చడానికి కొలబద్ద కావాలి. బైజరింక్ నాచు బతికుంది గనుక అది దొరికింది. డీఎన్ఏ నిర్మాణం ఆయన కాలంలో ఎవరికీ తెలియదు. ఆయన గీసిన బొమ్మలే మిగిలి ఉంటే ఈ తగవు తెగేది కాదు.

ఇప్పుడైతే జన్యుక్రమం చదివి కంప్యూటర్‌లో దాచుకోవచ్చు, ఇక గొట్టాలెందుకన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. క్లామిడోమోనాస్ అనే నాచు వెలుతురును బట్టి ఈదుతుంది. బతికున్న కణాల్లో ఆ కదలికను ఏళ్ల తరబడి పరిశీలించినవారే, వెలుతురు తగిలితే తెరుచుకునే ప్రోటీన్ల కోసం వెతికి 2002, 2003లో పట్టుకున్నారు. నాడీకణాలను కాంతితో నడిపే పద్ధతి వాటి మీదే నిలబడింది. 2021లో ఒక అంధుడికి కొంత చూపు తెప్పించిన ప్రోటీనూ ఈ కుదురుదే. ఈదే కణాన్ని చూడకుండా అక్షరాల వరుసను మాత్రమే చదివి ఉంటే ఆ వెతుకులాట మొదలయ్యేదా అన్నది నా సందేహం.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ఆక్షేపణ వేరు. దశాబ్దాలు గొట్టంలో పెరిగిన నాచు చెరువులో ఉన్నట్టే ఉంటుందా? ఉండదు, కొన్నిటికి ఈదే శక్తి పోతుంది, కొన్ని జతకట్టడం మానేస్తాయి. అందుకే వీలైనవాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచుతారు. ఎదుగుదలతోపాటు మార్పూ ఆగుతుంది. అన్నీ ఆ చలికి తట్టుకోవు. డయాటమ్‌లు అనే నాచుల్లో అనేకం తమ గాజు పెంకు మూలంగా విభజన జరిగేకొద్దీ చిన్నవవుతూ, జతకట్టే అవకాశం రాకపోతే చివరికి నశిస్తాయి. వీటికి దిక్కు మనిషి చేయే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో, వరి మడికి నత్రజని అందించే నీలి ఆకుపచ్చ నాచుల సేకరణకైనా అంతే: మూడేళ్ల ప్రాజెక్టు నిధులు సరిపోవు, ఏటా జీతమిచ్చే ఉద్యోగం ఒకటి ఖాళీ లేకుండా ఉండాలి.