బైక్ సీటు చిరిగిందా? కవర్ కంటే ముందు ఫోమ్ చూడండి

చిరిగిన బైక్ సీటుకి ఇంట్లోనే కొత్త రెగ్జిన్ ఎలా వేసుకోవాలో ఈ రోజు చూద్దాం.

ముందు ఒకటి చెప్పండి. వాన వెలిసి ఎండ కాస్తున్నా, సీటు మీద కూర్చోగానే ప్యాంటు తడుస్తోందా? అయితే అసలు సమస్య లోపలి ఫోమ్‌లో ఉంది. కుట్టు దగ్గర చిన్న చిరుగు చాలు, నీళ్లు దిగిపోతాయి. ఫోమ్ స్పాంజిలా పీల్చుకుని, మనం కూర్చున్నప్పుడల్లా పైకి వదుల్తుంది. దాని మీదే కొత్త కవర్ బిగిస్తే నీళ్లకి మూత పెట్టినట్టే. లోపల వాసన, కింద ఇనుప బేస్ అయితే తుప్పు కూడా.

మా తమ్ముడు డెలివరీ పని చేస్తాడు, రోజుకి పది గంటలు బండి మీదే. నడుం నొప్పి అంటుంటే సీటు విప్పి చూశా. ఫోమ్ ఒక పక్కకి అణిగిపోయి ఉంది. వాడు నెలల తరబడి ఒరిగి కూర్చుంటున్నాడన్నమాట.

సరే, పనిలోకి వద్దాం. సీటు బయటికి తీశాక అడుగు భాగాన్ని ఫోన్లో ఫొటో తీసుకోండి. ఏ మడత ఎక్కడుందో తర్వాత అదే చెప్తుంది. పిన్నుల్ని స్క్రూడ్రైవర్‌తో లేపి, ప్లేయర్‌తో లాగండి. పాత కవర్ని పారేయొద్దు, కొత్తది కుట్టించడానికి అదే కొలత. ఇంట్లో జాకెట్లు కుట్టే మిషన్ మీద రెగ్జిన్ పెట్టి అమ్మతో తిట్లు తినకండి. మీ మోడల్‌కి రెడీమేడ్ కవర్ దొరికితే ఇంకా నయం.

ఫోమ్‌ని మెలిపెట్టి పిండొద్దు, చిరుగుతుంది. అరచేతులతో నొక్కి, నిలబెట్టి, నీడలో ఫ్యాన్ కింద రెండు మూడు రోజులు ఆరనివ్వండి. వేలితో రుద్దితే పొడిలా రాలుతోందా? మార్చేయడమే. గుంట మాత్రమే ఉంటే గట్టి ఫోమ్ ముక్క అతికించి, అంచులు చెక్కి సమం చేయండి. పాత పరుపు ముక్క పెట్టకండి, త్వరగా అణిగిపోతుంది.

బాగా ఆరాక, పైన పల్చటి ప్లాస్టిక్ షీటు పరవండి. కొత్త కవర్ని కాసేపు ఎండలో పెడితే మెత్తబడి సాగుతుంది. మొదటి పిన్ను ముందు భాగం మధ్యలో, రెండోది వెనక మధ్యలో. ఆ తర్వాత ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఒక పక్క మొత్తం కొట్టేసి రెండో పక్కకి వెళ్తే కుట్టు వంకర పోతుంది, ఎంత లాగినా మళ్లీ రాదు.

పిన్ను సైజు కోసం పాత పిన్ను కాలు కొలవండి. అంతకన్నా పొడుగైతే బేస్ దాటి ఫోమ్‌లోకి పొడుచుకుంటుంది. ఇనుప బేస్‌కి పిన్నులు దిగవు. దానికి ఉన్న కొక్కేలకే కవర్ తగిలించి, మెల్లగా వంచాలి. మిగిలిన రెగ్జిన్‌ని చివర్లోనే, అంగుళం వదిలి కత్తిరించండి.

సీటు బిగించాక తాళం రెండు మూడు సార్లు వేసి, సీటుని పైకి లాగి చూడండి. కదలకపోతేనే బండి బయటికి తీయండి.