స్క్రీన్ ఖాళీ అయితే చాలదు, మెమరీ కూడా ఖాళీ అవ్వాలి

ఈ రోజు చిన్న టాపిక్, కానీ రోజూ అవసరమయ్యేది. పేజీలో ఒక ఎలిమెంట్ లోపల ఉన్నదంతా జావాస్క్రిప్ట్‌తో తీసేయాలి. సెర్చ్ బాక్స్ అనుకోండి. "వరంగల్" అని కొట్టారు, 20 రిజల్ట్స్ వచ్చాయి. తర్వాత "విజయవాడ" కొట్టారు. పాతవి తీయకపోతే కొత్తవి వాటి కిందే వచ్చి చేరతాయి.

ముందుగా గుర్తొచ్చేది ఫర్ లూప్. సున్నా నుంచి మొదలుపెట్టి చైల్డ్‌నోడ్స్ ఒక్కొక్కటీ తీసేద్దాం అనుకుంటాం. రన్ చేస్తే సగం అలాగే మిగిలిపోతాయి! ఎందుకంటే అది లైవ్ లిస్ట్. మొదటిది తీయగానే రెండోది దాని ప్లేస్‌లోకి జరుగుతుంది. మన లూప్ మాత్రం తర్వాతి నంబర్‌కి వెళ్లిపోతుంది. లూపే కావాలంటే, ఫస్ట్‌చైల్డ్ ఉన్నంతసేపు దాన్నే తీసేసేలా వైల్ లూప్ రాయండి.

రెండోది, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇవ్వడం. పని అయిపోతుంది. కానీ అదే అలవాటులో రేపు యూజర్ టైప్ చేసింది నేరుగా అందులో పెట్టామంటే, బయటి స్క్రిప్ట్‌కి తలుపు తీసినట్టే. టెక్స్ట్‌కంటెంట్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇచ్చినా లోపలివన్నీ పోతాయి, ఆ భయం ఉండదు.

నేను వాడమనేది రీప్లేస్‌చిల్డ్రన్. 2020 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ ఉంది. బ్రాకెట్లు ఖాళీగా వదిలితే అంతా క్లియర్. కొత్త ఎలిమెంట్లు ఇస్తే పాతవి పోయి అవి వచ్చి కూర్చుంటాయి, ఒకే కాల్‌లో.

అసలు విషయం ఇప్పుడు వినండి. ఏ పద్ధతిలో తీసినా, తెగేది పేజీతో లింక్ మాత్రమే. మీ అర్రేలో పాత వరస ఒకటి దాచి ఉంటే, గార్బేజ్ కలెక్టర్ దాన్ని ముట్టుకోదు. ఆ వరస కోసం సెట్‌ఇంటర్వెల్ పెట్టి ఉంటే, వరస కనిపించకపోయినా టైమర్ తిరుగుతూనే ఉంటుంది. షాపులో బిల్లింగ్ పేజీ పొద్దున తెరిచి రాత్రి వరకూ మూయరు కదా. ఇలాంటివి పేరుకుంటూ పోతే సాయంత్రానికి, సరిగ్గా రష్ టైమ్‌లో పేజీ నత్తనడక నడుస్తుంది.

కాబట్టి ఖాళీ చేసే ముందు టైమర్లు ఆపండి, అర్రే ఖాళీ చేయండి. క్లిక్ లిజనర్ ప్రతి వరసకీ వద్దు, పేరెంట్‌కి ఒక్కటి పెట్టండి. లోపలివి ఎన్నిసార్లు మారినా అది అలాగే ఉంటుంది.

చెక్ చేయడం ఎలా? క్రోమ్ డెవ్‌టూల్స్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి హీప్ స్నాప్‌షాట్ తీయండి, "డిటాచ్డ్" అని ఇంగ్లిష్‌లో వెతకండి. లిస్ట్ క్లియర్ చేసిన ప్రతిసారీ ఆ లెక్క పెరుగుతూ పోతుంటే, పాత వరసల్ని మీ కోడ్ ఎక్కడో పట్టుకునే ఉందని అర్థం. మీ ప్రాజెక్ట్‌లో ఇవాళే ఒకసారి చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!