ఒకే పొయ్యి, ఎన్నో పనులు: అరకు చలికాలపు ఉష్ణశాస్త్రం

డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖపట్నంలో తెల్లవారుజాము ఉష్ణోగ్రత సాధారణంగా 18 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. అక్కడికి నూరు కిలోమీటర్లు దాటిన దూరంలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయలో అదే వేళకు 10 డిగ్రీల కన్నా తక్కువ నమోదు కావటం ఏటా జరిగేదే. చింతపల్లి, లంబసింగి వైపు కొన్ని రాత్రులు సున్నా దరిదాపులకు చేరుతుంది. ఈ తేడానంతా ఎత్తు ఖాతాలో వేయటం మనకు అలవాటు. లెక్క వేసి చూస్తే ఎత్తు ఒక్కటే చాలదు. వాతావరణంలో కిలోమీటరు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. 900 మీటర్లకు తగ్గాల్సింది ఆరు డిగ్రీలే.

మిగతా చలి నేల నుంచే పుడుతుంది. ఈ నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది, గాలిలో తేమ తగ్గుతుంది. పొద్దు వాలగానే నేల తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదులుతుంది. ఆ వేడిని పట్టుకుని తిరిగి కిందికి పంపే మబ్బులూ నీటి ఆవిరీ అప్పుడు తక్కువ. నేలను ఆనుకుని ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, కొండవాలు వెంట జారి లోయ అడుగున నిలిచిపోతుంది. కింద చల్లని పొర, దాని మీద వెచ్చని పొర: దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పాడేరు దగ్గరి వంజంగి కొండెక్కి పర్యాటకులు చూసే మబ్బుల సముద్రం, కింది పొరలో తేమ చిక్కబడి ఏర్పడిన పొగమంచే. పైనుంచి చూసేవారికి అది కనుల పండుగ. దాని అడుగున ఉన్న ఊరికి మాత్రం పొద్దెక్కినా ఎండ అందదు.

కోతలు ముగిసి, రాత్రులు పొడవైన ఈ కాలంలో ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరుతారు. వంట అక్కడే, వెదురు పని అక్కడే, ఆకు కుట్టటం అక్కడే, కథ చెప్పటమూ అక్కడే. భగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, కోదు ఇళ్లలో అలవాట్లు వేరైనా నిప్పు ఇంటికి నడుమ ఉండటం చాలావరకు ఉమ్మడి లక్షణం. దీన్ని కాలక్షేపంగా మాత్రమే చూస్తే అందులోని ఉష్ణశాస్త్రం మన కంట పడదు.

మూడు రాళ్ల పొయ్యి మీద చేసిన పరీక్షలు ఒక మాట తరచూ చెబుతాయి: కట్టెలోని శక్తిలో గిన్నెకు చేరేది పదో పదిహేనో శాతం, తక్కినదంతా వృథా. ఆ పరీక్ష కొలిచేది గిన్నెలోని నీళ్లకు ఎంత వేడి చేరిందన్నది మాత్రమే. వేసవి మధ్యాహ్నం మైదానంలో ఆ తీర్పు న్యాయమే. అరకులో డిసెంబరు రాత్రి గిన్నెకు చేరని వేడి ఎటు పోయిందో కూడా అడగాలి. కొంత మనుషులకు చేరింది, కొంత మట్టి గోడలోకి ఇంకింది, కొంత పొగతో పాటు అటకకెక్కింది, కొంత బూడిదలో దాగింది. మంట దగ్గర వందల డిగ్రీల వేడి, అటక మీద మనిషి ఒంటి వేడి. ఈ రెంటి మధ్య ప్రతి మెట్టు మీదా ఒక పని ఉంది.

పై మెట్టు మంట. దాని మీద మరిగే గింజల్లో రాజ్మాకు ప్రత్యేక స్థానం ఉంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ గింజకు చింతపల్లి, అరకు ప్రాంతాల చల్లదనం బాగా నప్పింది. పంట చేతికొచ్చేదీ చలికాలంలోనే. పచ్చి రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే ప్రోటీను ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కొద్దిపాటివి తిన్నా వాంతులు పట్టుకుంటాయి. గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లనిస్తే ఆ విషం విరుగుతుంది. తెర్లటం అన్న మాట ముఖ్యం. నిప్పుల మీద 80 డిగ్రీల దగ్గర సన్నగా కాగుతూ ఉండిపోతే విషం తగ్గకపోగా పెరిగే ప్రమాదం ఉంది. పైగా 900 మీటర్ల ఎత్తున గాలి పీడనం తక్కువ కాబట్టి నీరు 100 డిగ్రీల దగ్గర కాక దాదాపు 97 దగ్గరే మరుగుతుంది. మైదానంలో వండే సమయం కన్నా ఇక్కడ కొంచెం ఎక్కువ పట్టటానికి కారణం కట్టెలు పచ్చిగా ఉండటం ఒక్కటే కాదు.

మంట తగ్గి నిప్పులు మిగిలాక రెండో అంచె వంట మొదలవుతుంది. ఘనపదార్థం ఏదైనా సుమారు 525 డిగ్రీలు దాటితేనే చీకట్లో ఎర్రగా కనబడుతుంది. కాబట్టి కణకణలాడే నిప్పు వేడిని కంటితోనే అంచనా కట్టవచ్చు. ఇప్పుడు రోడ్డు పక్క బళ్ల మీద పర్యాటకులకు అమ్మే బొంగులో చికెన్ ఈ అంచె వంటే. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. వందల డిగ్రీల నిప్పు మీద ఉన్నా బొంగు తగలబడకపోవటానికి కారణం దాని గోడలోని నీరు. అది ఆవిరయ్యేదాకా లోపలి వేడి 100 డిగ్రీలను పెద్దగా దాటదు. అంటే బయటికి కాల్పులా కనిపించినా లోపల జరిగేది ఆవిరి వంట. మాంసం ఎర్రగా వేగాలంటే 140 డిగ్రీలైనా కావాలి గనుక లోపలి ముక్కకు వేపుడు రంగు రాదు. నాటుకోడి కండలోని గట్టి కొల్లాజెన్ మాత్రం ఆ తడి వేడికి నెమ్మదిగా జెలటిన్‌గా కరుగుతుంది. కోడి కొవ్వూ రసమూ బొంగులోనే ఉండిపోతాయి కాబట్టి నూనె అవసరం రాదు. ఎండిన వెదురుతో ఈ వంట సాధ్యం కాదు. అది కూర కన్నా ముందు తానే అంటుకుంటుంది.

నిప్పు మీద బూడిద కప్పితే ఇంకో మెట్టు దిగినట్టు. బూడిద మంచి ఉష్ణ నిరోధకం. దాని కింద పూడ్చిన చిలగడదుంప చాలాసేపు మెల్లగా వేడెక్కుతుంది. సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య దుంపలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని మాల్టోజ్ చక్కెరగా విడగొడుతుంది. అంతకన్నా బాగా వేడెక్కితే ఆ ఎంజైమే చచ్చిపోతుంది. మరిగే నీళ్లలో పడేసిన దుంప ఈ వేడిని గబగబా దాటిపోతే, బూడిదలోని దుంప అక్కడ ఎక్కువసేపు ఆగుతుంది. ఇంట్లో కుక్కరు దుంపకు ఆ తీపి ఎందుకు రాదని అడిగేవారికి జవాబు ఇదే.

ఇంకా దిగువన, పొయ్యి గట్టు పక్కన చోడి అంబలి కుండ. చోళ్లు, అంటే రాగులు, నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తాయి. బియ్యంలో దాని లెక్క పదో వంతుకైనా రాదు. అయితే ఆ కాల్షియంలో కొంత ఫైటేట్‌తో ముడిపడి ఉండి ఒంటికి పట్టదు. అంబలి పులిసేటప్పుడు ఫైటేట్ విరుగుతుంది, ఖనిజాలు విడుదలవుతాయి. పులియబెట్టే లాక్టిక్ బ్యాక్టీరియాకు హాయినిచ్చేది 30 డిగ్రీలు, ఆ పైన కొద్దిగా. బయట 8 డిగ్రీలున్న రాత్రి అవి దాదాపు నిద్రపోతాయి. ఆరిపోయిన పొయ్యి గట్టులోని మట్టి తెల్లవార్లూ వదిలే గోరువెచ్చదనం కుండకు ఆ కాస్త వేడిని అందిస్తుంది.

ఇక చేతిపని. వెదురు అల్లేవారికి శత్రువు పుచ్చు పురుగు. అది వెదురులోని పిండిపదార్థాన్ని వెతుక్కుంటూ వస్తుంది. కొత్త మోసులు వేయటానికి ముందు, అంటే ఎండాకాలంలో, బొంగులో పిండి నిల్వ హెచ్చుగా ఉంటుంది. వానల్లో మోసులెత్తాక ఆ నిల్వ ఖర్చయిపోతుంది. అందుకే వానలు వెళ్లాక నరికిన వెదురు బుట్ట, ఎండల్లో నరికిన దానికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. చీల్చిన బద్దను నిప్పు సెగ చూపి వంచటంలోనూ శాస్త్రముంది. నారను అతికి ఉంచే లిగ్నిన్ తడి ఉన్నప్పుడు 80 నుంచి 100 డిగ్రీల దగ్గర మెత్తబడి, చల్లారగానే కొత్త వంపులో గట్టిపడుతుంది. అల్లిన బుట్టో చేటో అటక ఎక్కితే పొగలోని ఫినాల్‌లు దాని మీద పూతలా పేరుకుని పురుగును మళ్లీ దూరం పెడతాయి. విత్తనాలకు దాచిన మొక్కజొన్న కంకులను పొయ్యి పైన వేలాడదీయటంలో ఉన్నదీ ఈ ఉపాయమే.

అడ్డాకుది వేరే లెక్క. అడ్డతీగ పెద్ద చెట్లను అల్లుకుని పైకెక్కే బలమైన లత. ఒక్కో ఆకు రెండు చేతులు పట్టేంత వెడల్పు. కొన్ని ఆకులను సన్నని వెదురు పుల్లలతో కుడితే విస్తరి అవుతుంది. బాగా ఎండిన ఆకు పుల్ల గుచ్చగానే చిట్లుతుంది. తడిగా ఉంటే బూజు పడుతుంది. మొక్క నారలో నీటి అణువులు చేరితే గొలుసు అణువులు ఒకదాని మీద ఒకటి జారి ఆకు వంగుతుంది, నీరు పోతే పెళుసుబారుతుంది. పగలు ఎండిపోయి, రాత్రి మంచుకు కాస్త మెత్తబడే చలికాలపు గాలి ఈ రెంటి మధ్య వెసులుబాటు ఇస్తుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి ఉత్పత్తులతో పాటు అడ్డాకునూ కొంటూ వచ్చింది. ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు ప్లేట్లు పెళ్లి పందిళ్లను ఆక్రమించకముందు, మైదానంలో మనం తిన్న విస్తళ్లలో ఎన్ని ఈ కొండల నుంచి దిగాయో పెద్దగా ఎవరూ తలచుకోలేదు.

ఈ పొయ్యికి దూరంగా ఉంచాల్సిన పంట ఒకటుంది. కాఫీ పళ్ల కోతా ఇదే కాలంలో సాగుతుంది. గింజను తేమ 11 శాతం దగ్గరికి వచ్చేదాకా ఎండబెట్టాలి. కాఫీ గింజ చుట్టుపక్కల వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది గనుక కట్టెపొగ తగిలితే దాని రుచి పోతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికాకు ఎండే కావాలి, అటక పనికిరాదు.

వెదురును కాపాడే పొగ మనిషిని కాపాడదు. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి పక్కనే ఎక్కువసేపు ఉండే ఆడవారి, చంటిపిల్లల ఊపిరితిత్తులు ముందు దెబ్బతింటాయి. 2016లో మొదలైన ఉజ్జ్వల పథకం గ్యాసు పొయ్యిని పేద ఇళ్లకు చేర్చింది. గ్యాసు వచ్చాక కూడా కొండల్లో కట్టెలు మండుతూనే ఉన్నాయని కొందరు విసుక్కుంటారు. గ్యాసు మంట గిన్నెను వేడి చేస్తుంది, గదిని కాదు. బద్దను వంచదు, అంబలిని పులియబెట్టదు, విత్తనానికి పొగబెట్టదు. పొగ గొట్టం కట్టిన మట్టి పొయ్యీ, పగటి ఎండను నిల్వ చేసే మందపు గోడా ఉన్న ఇల్లు ఈ పనుల్లో చాలావాటిని పొగ తక్కువగా చేయగలదు. పొయ్యి సామర్థ్యాన్ని నీళ్ల గిన్నెతో మాత్రమే కొలిచినంతకాలం అలాంటి పొయ్యి రూపకల్పన ఎవరి బల్ల మీదికీ రాదు.

మంట వెలుగు మాటకు సరిపోతుంది, అక్షరానికి చాలదు. హాయిగా చదవటానికి కొన్ని వందల లక్స్‌ల వెలుతురు కావాలి. కాస్త దూరంగా కూర్చున్నవారికి పొయ్యి ఇచ్చేది అందులో చిన్న పాలు. ఆ వెలుగులో నీలం పాలు కూడా తక్కువ కావటంతో నిద్రకు దారితీసే మెలటోనిన్‌కు అది పెద్దగా అడ్డురాదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త పాలీ వీస్నర్ ఆఫ్రికాలోని కలహారి ప్రాంతపు జుహోన్సీ తెగవారి మధ్య 1970లలో నమోదు చేసిన సంభాషణలను విశ్లేషించి 2014లో ప్రచురించారు. పగటి మాటల్లో కథలు 6 శాతం. రాత్రి మంట చుట్టూ సాగిన మాటల్లో 81 శాతం. పగలంతా పని, ఫిర్యాదులు, లెక్కలు. చీకటి పడ్డాక కథలు. అరకులో ఇలాంటి లెక్క ఎవరైనా తీస్తే ఫలితం చాలా భిన్నంగా ఉంటుందని నేననుకోను.

ఈ కొండల్లోని మాట కాగితానికెక్కిన తీరు చెప్పుకోదగ్గది. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్న గిడుగు వెంకట రామమూర్తి 1931లో ఆ భాషకు వ్యాకరణాన్ని ప్రచురించారు. 1936లో మంగై గొమాంగో సవరకు సొంత లిపినే కల్పించారు, అది 2012లో యూనికోడ్‌లో చేరింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతపు కొండదొరల భాషను విని, వారు చెప్పిన కథలతో, వ్యాకరణంతో, పదకోశంతో 1969లో ఒక గ్రంథం వెలువరించారు. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియాలతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది. లిపి తెలుగు, మాట పిల్లలది. ధ్వనిశాస్త్రం తెలిసినవారికి ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఎదురవుతుంది. మన వాడుకలో ‘ర’, ‘ఱ’ ఎప్పుడో కలిసిపోయాయి, శకటరేఫం అనే ఆ ‘ఱ’ పాత పద్యాలకు పరిమితమయింది. కొండ భాషలో ఆ రెండు ధ్వనుల తేడా నిలిచి ఉందని కృష్ణమూర్తి నమోదు చేశారు. మన బడి పుస్తకాల నుంచి జారిపోయిన ఆ అక్షరం, కొండదొరల పిల్లలకు కథ రాసేవారికి నేటికీ పనికొస్తుంది.